నాలుగని రాసిన పదకొండు కట్టెలు

ఆ ఆదివారం పొయ్యిలో నేను పెట్టినవి పదకొండు కట్టెలు. సైటు బుక్కులో నాలుగని రాశాను. ఈ మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. ఇంటర్ చదివే రోజుల నుంచి తప్పకుండా డైరీ రాసే అలవాటున్న నేను, ఆ రోజు పేజీని ఖాళీగా వదిలేశాను. ఇప్పటికీ ఆ పాత డైరీ తిరగేస్తుంటే, అక్కడికి వచ్చేసరికి వేలు కొంచెం తొందరపడుతుంది.

డిప్లొమా ముగించి మొదటిసారి సైటు మీదికి వెళ్ళబోతున్న చెల్లెళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకేమీ పెద్ద అనుభవం లేదు. మూడేళ్ళు చేసి మానేసిన ఉద్యోగం అది. ఇప్పుడు సిరిసిల్లలో ఒక చిన్న గదిలో కూర్చుని ఇళ్ళ ప్లాన్లు గీస్తాను. ఎవరితోనూ గట్టిగా మాట్లాడే అవసరం రాదు. అయినా పని అనే మాట వినగానే నాకు కనబడేది ఈ గది కాదు. కోరుట్లలో ఒక ఇంటి వెనక, జామచెట్టు పక్కన, నడుమెత్తు గద్దె మీద లేచిన ఇటుక గుమ్మటం.

మాది కోనరావుపేట వైపు. జగిత్యాలలో ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర సైటు అసిస్టెంటుగా చేరాను. ఏ రోజు ఏ పని జరిగిందో బుక్కులో రాయడం, ఫోటోలు తీసి సారుకు పంపడం నా పని. మేస్త్రీలను కేకేసి పిలవడం కూడా నా పనే గానీ, అది నాకు చేతకాలేదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి నిలబడేదాన్ని. ఎవరో ఒకరు తలెత్తి "ఏంది మేడమ్?" అన్నాక చెప్పేదాన్ని. సైటు బుక్కు అట్ట లోపల లైబ్రరీ పుస్తకం ఒకటి దాచుకుని, కాంక్రీటు కలిసేలోపు రెండు పేజీలు చదివేదాన్ని. ఈ సంగతి సారుకు తెలిసే ఉంటుంది. ఎందుకంటే నన్నెప్పుడూ పెద్ద సైటుకు పంపలేదు.

ఒకరోజు ఆయన నన్ను పిలిచి, "కోరుట్లల ఒక పొయ్యి కట్టేదున్నది. నువ్వు పో అమ్మా" అన్నారు.

"పొయ్యా సార్?"

"పిజ్జా పొయ్యి. గదేందో నాకు గూడ తెల్వదు. అక్కడ ముసలి మేస్త్రీ ఒకాయన ఉంటడు. ఆయన చెప్పింది రాసుకో, సాలు."

ఆ ఇంటాయన కువైట్‌లో పన్నెండేళ్ళు కట్టెల పొయ్యి ముందు నిలబడి పిజ్జాలు కాల్చి వచ్చిన మనిషి. తండ్రి తాళ్ళెక్కి కల్లు గీసేవాడట, ఇప్పుడు లేడు. తల్లి ఒడిలో చాట పెట్టుకుని రోజంతా బీడీలు చుడుతుంది. ఇక గల్ఫుకు వెళ్ళనని, ఇంటి వెనక వాకిలి రోడ్డు వైపు తెరిచి సాయంత్రాలు పిజ్జాలు అమ్ముతానని ఆయన ఆలోచన. ఆయనను నేను అన్నా అని, తల్లిని పెద్దమ్మా అని పిలిచేదాన్ని. అన్ని ఏళ్ళు పొయ్యి ముందే గడిపినా, పొయ్యి కడుతుండగా ఆయన ఎప్పుడూ చూడలేదు. ఆయన పనిలో చేరేనాటికే అది వేడిగా ఉందట. ఎవరు కట్టారో, ఎట్లా కట్టారో అప్పుడు అడగాలని తోచలేదన్నారు.

మేస్త్రీ ముత్యంపేట నుంచి వచ్చేవారు. వయసులో ఉన్నన్నాళ్ళు చక్కెర ఫ్యాక్టరీ బాయిలర్ల లోపల వేడిని తట్టుకునే ఇటుక కట్టిన చెయ్యి ఆయనది. ఆ పని నుంచి దిగిపోయాక ఆ విద్య ఎవరికీ అక్కర్లేకపోయింది. ప్రహరీ గోడలు, మరుగుదొడ్లు కడుతూ వచ్చారు. మొదటి రోజు ఆటోలోంచి ఫైర్ ఇటుకలు దించుతుంటే, ఒకటి చేతిలోకి తీసుకుని వేలి కణుపుతో కొట్టి, చెవి దగ్గర పెట్టుకుని విన్నారు. ఊరి నుంచి వచ్చిన చుట్టాన్ని చూసినట్టు నవ్వారు.

"ఏం రొట్టె కాలుస్తవ్ రా దీంట్ల? జొన్న రొట్టెనా, మక్క రొట్టెనా?" అని అన్నను అడిగారు.

"మైదా తాతా. పైన జున్ను లెక్క ఉంటది, కరుగుతది. రెండు నిమిషాలల్ల అయిపోతది."

"రెండు నిమిషాలల్ల అయ్యే రొట్టెకు నెల రోజులు కష్టపడి గుమ్మటం కట్టాల్నా? మీ అవ్వ పెంక మీద గంతసేపట్ల నాలుగు చేస్తది."

చాట ముందు నుంచి పెద్దమ్మ అందుకుంది. "గట్ల అడుగు మామా! నేనడిగితే నీకేం ఎరుకనే అంటడు."

ఆ పని జరిగినన్నాళ్ళు నేను పుస్తకం తెరవలేదు. గద్దె మీద ముందు రైసు మిల్లు నుంచి తెచ్చిన ఊక బూడిద పరిచారు, వేడి కిందికి దిగకుండా. దాని మీద ఇటుకల నేల. ఆ నేల మీద తడి ఇసుకను కుప్పగా పోసి, అరచేతులతో నిమిరి, సగం కోసిన పెద్ద గుమ్మడికాయలా తయారుచేశారు. ఆ ఇసుక మీదే వరస మీద వరస ఇటుక పేర్చారు. బంకమట్టిలో కాస్త బెల్లపు మడ్డి కలిపారు. ఎందుకు తాతా అంటే, "మా మేస్త్రీ కలిపేటోడు, నేను కలుపుతున్న" అన్నారు. చివరికి నడినెత్తిన మూత ఇటుక దిగగొట్టి, రెండు రోజులాగి, ముందువైపు కమాను కింద వదిలిన పొయ్యి నోట్లోంచి ఇసుకంతా తోడేయమన్నారు. ఆ పని నాకు ఇచ్చారు. నేను సన్నగా ఉంటాను, భుజాల వరకు లోపలికి దూరగలను. ఇసుక తీసేకొద్దీ పైన ఇటుకలు కిందపడతాయేమోనని ఊపిరి బిగబట్టాను. పడలేదు. లోపల చల్లగా, తడిమట్టి వాసనతో, బయటి మాటలు ఏవీ సరిగా వినబడని చోటు. నాలాంటి దానికి అక్కడే ఉండిపోవాలనిపించింది.

జగిత్యాల రోడ్డు మీద దాబా నడిపే సేటు ఒకాయన అప్పటికే రెండుసార్లు వచ్చి చూసిపోయాడు. ఇది నిలబడితే తన దాబాలో రెండు కట్టించుకుంటానన్నాడు. ఆ మాట విన్నరోజు తాత మధ్యాహ్నం అన్నం డబ్బా మూత పెట్టి, నాకొక్కదానికే వినిపించేట్టు అన్నారు.

"గవి రెండు గూడ కట్టిన్ననుకో బిడ్డా, ఇగ పని బంద్ చేస్త. పొయ్యిలు కట్టి బంద్ చేసిన అని చెప్పుకోవచ్చు. గోడలు కట్టి బంద్ చేసిన అంటే నాకే మంచిగనిపియ్యది."

ఇక మిగిలింది పొయ్యిని ఆరబెట్టడం. కొత్తగా కట్టిన పొయ్యి మట్టిలో, ఇటుకలో నీళ్ళు దాగి ఉంటాయి. వారం రోజుల పాటు రోజూ చిన్న మంట పెట్టి, రోజుకు కొంచెం పెంచుతూ, ఆ నీళ్ళను మెల్లగా బయటికి పంపాలి. ఒకేసారి పెద్ద మంట పెడితే లోపలి నీరు ఆవిరై, బయటికి దారి లేక ఇటుకను చీలుస్తుంది.

"పచ్చి బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలె" అన్నారు తాత. శుక్రవారం రెండు కట్టెలు, శనివారం మూడు. ప్రతిసారీ నా చేత చెయ్యి లోపలికి పెట్టించి లెక్కపెట్టమనేవారు. "పది దాక చెయ్యి ఆగాలె. ఎనిమిదికే గుంజుకుంటివా, ఒక కట్టె బయటికి తియ్యి. రాసుకో." నేను రాసుకున్నాను. చిన్న తుమ్మ కట్టెలు, మూరెడు పొడవు. అన్నీ ఆయనే కొట్టి, ఒకే కొలతలో పేర్చిపెట్టారు.

ఆదివారం ఆయన రారు. ముత్యంపేటలో ప్రార్థనకు వెళ్ళాలి. అది ఎన్ని పనులున్నా మానేవారు కాదు. "నాలుగు కట్టెలు. గంతే. మధ్యాహ్నం దాటినంక నేనొస్త" అని చెప్పి శనివారం వెళ్ళిపోయారు.

ఆదివారం పొద్దున నేను వెళ్ళేసరికి పొయ్యి గద్దెకు పసుపు రాసి, బొట్లు పెట్టి ఉంది. పెద్దమ్మ కొత్త చీర కట్టుకుంది. ఆమెతో కలిసి బీడీలు చుట్టే ఆడవాళ్ళు నలుగురైదుగురు జామచెట్టు కింద కూర్చున్నారు. కొత్త కుండ, దాంట్లో పాలు.

"రేపటి సంది మూఢమట బిడ్డా. మల్ల నెలన్నర దాక మంచి రోజే లేదన్నడు అయ్యగారు. పది దాటినంక అర్ధగంట టైము ఉన్నది. పాలు పొంగిచ్చుకుంటే అయిపోతది."

కొత్త పొయ్యి మీద ముందుగా పాలు పొంగించడం మా ఇంట్లోనూ చేస్తాం. గ్యాసు పొయ్యి కొన్నప్పుడు కూడా మా అమ్మ చేసింది. తప్పేమీ అనిపించలేదు. కానీ ఇది ఇంకా పొయ్యి కాలేదు. ఆ ముక్క చెప్పాలి. నోరు తెరిచాను. "పెద్దమ్మా, తాత రానియ్యి..." అన్నాను. అంతమంది ముందు నా గొంతు నాకే వినబడలేదు. అన్న ఇంట్లో లేరు, సరుకుల కోసం జగిత్యాల వెళ్ళారు. పెద్దమ్మ ఫోను చేసి నా చెవికి పెట్టింది. అటువైపు బజారు గోల. "అవ్వ ఎట్లంటే గట్ల కానియ్యమ్మా, పాలే గదా!" అన్నారాయన.

నాలుగు కట్టెలు పెట్టి వెలిగించాను. కుండను మంట పక్కకు జరిపాను. పది నిమిషాలైనా పాల మీద మీగడ కూడా కట్టలేదు. పెద్దమ్మ గోడ గడియారం చూడడానికి ఇంట్లోకి, బయటికి తిరుగుతోంది.

"ఇంకోటెయ్యి బిడ్డా."

వేశాను. ఆ తరువాత ఇంకొకటి. జామచెట్టు కింద ఒకామె "గీ పిల్ల పొయ్యి ముట్టిచ్చుడు ఎన్నడన్న చూసిందా?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి, మూడు కలిపి వేశాను. మంట గుమ్మటం వంపు పట్టుకుని నోటి దాకా పాకింది. చెయ్యి పెట్టి చూస్తే మూడుకే గుంజుకున్నాను. ఆ లెక్క పెట్టినప్పుడే ఆపాల్సింది. అప్పటికి తొమ్మిది కట్టెలు. ఘడియ దాటిపోతోందని పెద్దమ్మ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడుకు మళ్ళీ కువైట్ విమానం ఎక్కకుండా ఉండాలన్నది ఆమె కోరిక. ఆ కోరికంతా ఆ కుండలో ఉంది. పది. పదకొండు.

పాలు ఒక్కసారిగా లేచి, కుండ అంచు దాటి, కాగిన ఇటుకల మీద సుయ్యిమని పొర్లాయి. ఆడవాళ్ళందరూ లేచి నిలబడ్డారు. పెద్దమ్మ కొబ్బరికాయ కొట్టింది, నా నోట్లో చక్కెర పోసింది. నా రెండు చెంపలూ నిమిరి, "నీ చేత్తోని పొంగిచ్చినవ్ బిడ్డా" అంది.

వాళ్ళు లోపలికి వెళ్ళాక వినబడింది ఆ చప్పుడు. టప్. ఎండిన కొమ్మ విరిగినట్టు. ఆగి, మళ్ళీ ఒకటి.

సగం కాలిన కట్టెలను ఇనుప కడ్డీతో బయటికి లాగాను. చల్లారాక వాటిని కట్టెల కుప్ప వెనక దాచాను. నేల మీద పాల మరక కనబడకుండా బూడిద జరిపాను. అప్పుడు సైటు బుక్కు తెరిచి, తేదీ వేసి, కట్టెలు: నాలుగు అని రాశాను. నా చేతిరాత ఎప్పటికంటే అందంగా వచ్చింది.

తాత ప్రార్థనకు వేసుకున్న తెల్లచొక్కాతోనే వచ్చారు. గద్దె మీది పసుపు చూశారు. పొయ్యి నోట్లోకి తల పెట్టి, టార్చి వేసి చాలాసేపు చూశారు. నడినెత్తిన మూత ఇటుక, దాని పక్కది ఒక వేలెడు కిందికి జారి ఉన్నాయి. వెనక నుంచి కమాను దాకా పగులు. నేలలో నాలుగు ఇటుకలు చీలాయి.

"ఎన్ని కట్టెలు పెట్టినవ్ బిడ్డా?"

"నాలుగు, తాతా."

బుక్కు చూపించాను. అడగకుండానే చూపించాను. ఆయన జేబులోంచి కళ్ళద్దాలు తీసి పెట్టుకుని, ఆ ఒక్క పంక్తిని చదివారు. "ఊఁ" అని బుక్కు మూసి నా చేతికిచ్చారు.

అంతలోనే అన్న వచ్చారు. ఆయన బండి వెనక దాబా సేటు. పొయ్యి వెలిగించారని విని, చూద్దామని వచ్చాడట. అన్న లోపలికి తొంగి చూసి, తల మీద చెయ్యి పెట్టుకున్నారు.

"గిదేంది తాతా! మొత్తం ఖరాబైంది! వారం అయితే రొట్టె కాలుస్త అని ఊరంత చెప్పుకున్న!"

లోపలి నుంచి వచ్చిన పెద్దమ్మ గుమ్మంలోనే ఆగిపోయింది. ఆమె ముఖంలో రంగు లేదు. "నేను పాలు పొంగిచ్చిన కొడుకా... గా ఘడియ మంచిది కాదా ఏంది?" అంది. ఆ మాట అడిగింది కొడుకునే, కానీ చూసింది నా వైపు.

అదే నా ఉద్యోగ జీవితంలో నేను మాట్లాడాల్సిన రోజు. ఒక్క అంకె చెబితే చాలు. నాలో ఒక న్యాయవాది అప్పటికే వాదన మొదలుపెట్టింది: నువ్వు పదకొండు అంటే పాల వల్లే పగిలిందని పెద్దమ్మ కుమిలిపోతుంది, ఆమె కోసమే ఊరుకో. మంచి వాదనే. పుస్తకాలు చదివేవాళ్ళకు ఇట్లాంటి వాదనలకు కొదవుండదు. నిజం మాత్రం చిన్నది. సారు ఉద్యోగం నుంచి తీసేస్తారని, అందరూ నా వైపు తిరిగి చూస్తారని భయం. బుక్కును గుండెకు ఆనించుకుని నిలబడ్డాను.

తాత కళ్ళద్దాలు మడిచి జేబులో పెట్టుకుని, పెద్దమ్మ వైపు తిరిగారు.

"పాలదేమున్నది బిడ్డా, పొంగినయంటే మంచిదే. తప్పు నాది. మట్టి పచ్చిగున్నది, నేను సూసుకోలె. ఇంక రెండు రోజులు ఆగాల్సి ఉండె. విప్పి మల్ల కడత. కూలి ఏమద్దు."

సేటు జామచెట్టు ఆకు ఒకటి తెంపి, నలుపుతూ నవ్వాడు. "పెద్దమనిషీ, ఇగ ఇంట్ల కూసోరాదు? మనుమలతోని ఆడుకోరాదు?"

తాత కూడా నవ్వారు. సేటు వెళ్ళిపోయాడు, మళ్ళీ రాలేదు. ఆ దాబా మీదుగా ఎన్నోసార్లు బస్సులో వెళ్ళాను. ఎక్కడి నుంచో కొని తెచ్చిన పొయ్యిదేమో, స్టీలు పొగ గొట్టం ఒకటి దూరం నుంచే మెరుస్తూ కనబడేది. ఏనాడూ దిగలేదు.

మర్నాటి నుంచి గుమ్మటం విప్పడం. నేను చున్నీ నడుముకు బిగించి, ఎవరూ చెప్పకుండానే ఇటుకలు మోశాను, ఇసుక తడిపాను, మట్టి తొక్కాను. అది సైటు అసిస్టెంటు పని కాదని సారు ఫోనులో అన్నారు. నేలలోని చీలిన ఇటుకలు లేపుతుంటే మాడిన పాల వాసన వచ్చింది. ఒక ఇటుక అంచున గోధుమరంగు పొర అతుక్కుని ఉంది. తాత దాన్ని తాపీ కొసతో గీకి చూసి పక్కన పెట్టారు. ఆ రోజే సైటు బుక్కులోంచి ఒక కాగితం చించి, "తాతా, పదకొండు" అని రాసి మడిచాను. ఆయన అన్నం డబ్బా పక్కన పెడదామనుకున్నాను. సాయంత్రం దాకా నా డ్రెస్సు జేబులోనే ఉంది. తరువాత బట్టలతో పాటు నానిపోయింది.

మళ్ళీ గుమ్మటం లేచింది. మళ్ళీ నేను లోపలికి దూరి ఇసుక తోడాను. ఈసారి ఆయన నాలుగు రోజులు గాలికి వదిలేసి, అప్పుడు మంట మొదలుపెట్టారు. పెద్దమ్మ కుండ జోలికి రాలేదు. "పాలు ఒక్కపారే పొంగియ్యాలె. అప్పుడే అయిపోయింది" అని తనకు తానే తీర్పు చెప్పుకుంది.

ఆ పొయ్యి ఇప్పటికీ కాలుతోంది. పోయిన దసరాకు నేను కోరుట్ల వెళ్ళినప్పుడు ఆ వాకిట్లో బల్లలు ఖాళీ లేవు. అన్న నాకొక పిజ్జా ఉచితంగా పెట్టారు. పెద్దమ్మ చాట పక్కన పెట్టి, పిండి ముద్దలు చేస్తోంది. తాత పెగడపల్లిలో కూతురి దగ్గరికి వెళ్ళి, అక్కడే చనిపోయారని వాళ్ళే చెప్పారు. చివరిదాకా గోడలే కట్టారట. గుమ్మటం మీద చెయ్యి పెట్టి చూశాను. బయట గోరువెచ్చగా ఉంది, లోపల మంట భగభగమంటున్నా. అంత బాగా కట్టారు.

రెండోసారి ఆరబెట్టేటప్పుడు కూడా మధ్యలో ఆదివారం వచ్చింది. ఆ ఒక్కసారికి ప్రార్థన మానమని అన్న తాతను బతిమాలారు. "పిల్ల ఉన్నది గదా" అన్నారాయన. పొద్దున్నే తెల్లచొక్కాతో, ప్లాస్టిక్ కవరులో చుట్టిన బైబిలుతో వచ్చారు. కట్టెలు చూశారు, కమాను నిమిరారు. వీధిలో ఆటో హారన్ కొడుతోంది. ఆ సాయంత్రమే సారు ఫోను చేసి, సోమవారం నుంచి సిరిసిల్లలో షెడ్డు పనికి వెళ్ళమంటారని నాకప్పటికి తెలియదు. ఇంకా చాలా రోజులున్నాయనుకున్నాను. అయినా ఎందుకో, "తాతా, ఆ రోజు నేను..." అన్నాను.

ఆయన అగ్గిపెట్టె తీసి నా అరచేతిలో పెట్టి, వేళ్ళు మూశారు.

"ఈపారి నాలుగే పెట్టు బిడ్డా."